ఊదుడు పెట్టె, బుంగమూతి మిరపకాయలు

ఆ ఏడు వానలు వదలకుండా పట్టుకుంటే వీధి వీధంతా విసుక్కుంది, ఒక్క కళ్ళజోళ్ళాయన తప్ప. గొడుగులు తిరగబడ్డాయి, గోడలు చెమ్మగిల్లాయి, తలుపులు ఉబ్బిపోయి మూసుకోమని మొండికేశాయి. ఆయన మాత్రం పొద్దున లేస్తూనే బాల్కనీలోకి వచ్చి, మబ్బుల్ని తేరిపార చూసి, "ఇవాళ కూడా లేదు" అనుకుంటూ ఈల వేసుకుని లోపలికి వెళ్ళేవాడు.

లేనిది ఎండ. ఎండ లేకపోతే మిరపకాయలు ఎండవు. మిరపకాయలు ఎండకపోతే కారం కొట్టడం కుదరదు. కారం లేకపోతే కింద లాండ్రీ ఆవిడ దగ్గరికి వెళ్ళనక్కర్లేదు. వెళ్ళకపోతే, అడగాల్సిన ఆ ఒక్క మాటా అడగనక్కర్లేదు.

మాట పెద్దదేం కాదు. "మనం పెళ్ళి చేసుకుందామా అండీ?" అంతే. కాగితం మీద పెడితే అర లైను కూడా రాదు. గొంతులోంచి రావడానికే ఏళ్ళు పడుతోంది.

ఆయనకి యాభై దాటి కొంచెమే అయింది. మనుషుల్ని ముక్కులతో గుర్తుపెట్టుకోవడం ఆయన అలవాటు. పేరు చెప్తే తెల్లమొహం వేస్తాడు గానీ, "ఎడం పక్కకి కాస్త వంగిన ముక్కు, గోధుమరంగు ఫ్రేము" అంటే మనిషి తాతముత్తాతలతో సహా చెప్పేస్తాడు. చూపుడు వేలి చివరతో ఫ్రేము కాడని తడిమి, ఎక్కడ వెంట్రుకంత వంకర ఉందో పట్టేస్తాడు. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "నంబరు కుదర్లేదండీ" అని నవ్వి ఊరుకునేవాడు. నిజానికి నంబరు చూపించుకోవడానికి ఎవరినీ కూర్చోబెట్టింది కూడా లేదు.

ఆయన దుకాణం కింద. పక్కనే లాండ్రీ. రెంటికీ కలిపి ఒకటే అరుగు. దుకాణం నెత్తినే ఇల్లు, ఇంట్లో అక్క.

అక్క ఉద్యోగమంతా సినిమా హాల్లో టికెట్లు ఇవ్వడంతోనే గడిచింది. మొహం పట్టనంత కంతలోంచి లోకాన్ని చూసిన మనిషి కాబట్టి ఆవిడకి మాటలు సాగదీయడం తెలీదు. ఉన్నాయి, లేవు, ఎన్ని, జరుగు. ఈ నాలుగింటితో సంసారాలు నడపొచ్చని ఆవిడ నమ్మకం.

ఇక లాండ్రీ ఆవిడ. భర్త పోయాక కొట్టు తనే నెత్తినేసుకుంది. ఇస్త్రీ పెట్టె బుస్సుమంటుంటే దానితో పోటీగా పాడుతుంది. పాట తప్పు, రాగం తప్పు, గొంతు మాత్రం ఖంగుమంటుంది. కాలరు చూసి మనిషి గుట్టు చెప్తుంది. "ఈ చొక్కాయన ఈ వారం ఎవరికో భయపడ్డాడండీ, మెడ దగ్గర చెమట చూడండి" అంటుంది. గోడకి ఇవతల కళ్ళజోళ్ళాయన ఆ పాటకి తగ్గట్టు స్క్రూలు బిగిస్తాడు. ఒక్కోసారి పాట ఊపు మీద ఉంటే బిగింపు ఎక్కువై అద్దం టిక్కుమంటుంది.

అడగడానికి ఇంతకంటే ఏం కావాలి అంటారా? ఒక చిక్కుంది. లాండ్రీ ఆవిడ మొదటి రోజు నుంచీ అక్కని నోరారా "అక్కయ్యగారూ" అని పిలుస్తుంది.

"అక్కకి నేను తమ్ముణ్ణి," అని ఆయన వేళ్ళు మడిచి లెక్క వేసుకునేవాడు. "ఆవిడకీ అక్క అక్కే అయితే, నేను ఆవిడకి..." ఆ పైన లెక్క ముందుకు వెళ్ళేది కాదు. వెళ్ళినా దానికి సున్నం కొట్టి చెరిపేసేవాడు.

"నీ మొహం," అనేది అక్క. "వీధిలో కుక్కపిల్లలకి తప్ప అందరికీ నేను అక్కనే. అలాగని వీధంతా నీకు తోబుట్టువులా?"

"ఆవిడ నోటితో ఆ మాట మారేదాకా నాకు ధైర్యం రాదక్కా."

"నువ్వు అడిగితే మారుతుంది."

"మారితే అడుగుతాను."

"తుమ్మితే ఊడిపోయే ముక్కులా ఉన్నావురా," అని అక్క తల కొట్టుకునేది.

ఈ తకరారు మధ్యలోకి మిరపకాయలు వచ్చాయి. ఎవరో ఖాతాదారు ఫ్రేము బాగుచేసినందుకు మురిసిపోయి చిటికెడు గింజలు ఇచ్చి వెళ్ళాడు. పగిలిన బకెట్లలో, పాత పెయింటు డబ్బాల్లో వేస్తే బాల్కనీ నిండా కాసింది. చిన్న కాయలు, ఎర్రగా, బుగ్గలు పూరించి అలిగి కూర్చున్నట్టుంటాయి. అక్క వాటికి బుంగమూతులని పేరు పెట్టింది. ఒకదాన్ని సగం తుంచి కూరలో వేసి, నోట్లో ముద్ద పెట్టుకుని, గిన్నె మీద మూత బోర్లించి, "ఇది కూర కాదు, కక్ష" అంది.

అదే వారం అరుగు మీద లాండ్రీ ఆవిడ ఎవరితోనో అంటోంది: "కొట్లో కొనే కారం రంగే గానీ కారమేదండీ? ఇటుక పొడి నయం. కళ్ళమ్మట నీళ్ళు తెప్పించే కారం తిని ఎన్నాళ్ళయిందో!"

కళ్ళజోళ్ళాయన నోరు ఆయన ప్రమేయం లేకుండా తెరుచుకుంది. "నేను ఎండబెట్టి కొట్టిస్తానండి. ఇంట్లో కాస్తున్నాయి."

"నిజంగానా అద్దాలండీ!" అందావిడ. ఆయన్ని అలాగే పిలుస్తుంది, అద్దాలండీ అని. ఆ పిలుపు చెవిన పడితే ఆయనకి ఆ పూటకి ఆకలి ఉండదు.

పైనుంచి అక్క అంతా విన్నది. రాత్రి అన్నాలదాకా కూడా ఆగలేదు. "కారం ఇచ్చేటప్పుడు అడుగు. చేతిలో ఏదో ఒకటి ఉంటే నోరు పెగులుతుంది."

"అడుగుతా. కాయలు ఎండనీ."

"మాట తప్పితే నేనే దిగి అడుగుతా. ఉందా, లేదా అని."

అక్క అడగడమంటే వీధి చివరి దాకా వినిపిస్తుంది. సరిగ్గా ఆ మర్నాడే ముసురు పట్టింది. ఇప్పుడు అర్థమైందిగా ఆయన వానని చూసి ఎందుకు ఈల వేశాడో.

అయితే అక్క ఊరుకునే మనిషా? ఒక మధ్యాహ్నం ఆయన భోజనానికి పైకి వెళ్ళేసరికి వంటింటి గట్టు మీద అడ్డంగా ఒక నల్ల పెట్టె కూర్చుని ఉంది. ముందు గాజు తలుపు, లోపల జల్లెడల్లాంటి తట్టలు, వెనక ఫ్యాను.

"ఏంటక్కా ఇది?"

"డీహై... డీహైడ్రో... ఊదుడు పెట్టె. లోపల వేడిగాలి ఊదుతుంది. రాత్రీ పగలూ, వానా వరదా దీనికి అక్కర్లేదు."

"మనకెందుకు?"

"నీ ఎండకి సెలవిచ్చేశాను," అంది అక్క, చేతులు దులుపుకుంటూ. "ఇక కరెంటు పోతే తప్ప నీకు సాకు లేదు. కొయ్యి కాయలు."

మొదటి విడత కాయల్ని ఆయన తొడిమలతో సహా, చెక్కు చెదరకుండా తట్టల్లో పరిచాడు. ఎండలో పెట్టేటప్పుడు అంతే కదా. పెట్టె హుమ్మ్ అని మొదలెట్టింది. వేడి పెరిగేకొద్దీ ముందు అక్క గొంతు సవరించుకుంది. తర్వాత ఆయన సవరించుకున్నాడు. తర్వాత ఇద్దరూ ఒకరికొకరు జవాబు చెప్పుకుంటున్నట్టు దగ్గారు. గోడ మీద బల్లి కిటికీలోంచి వానలోకి దూకింది.

"పెట్టె... ఖళ్... బయట పెట్టరా!"

"నువ్వే కదక్కా... ఖళ్ ఖళ్... తెచ్చావు!"

ముక్కులకి తువ్వాళ్ళు చుట్టుకుని, దొంగలు బీరువా మోసినట్టు పెట్టెని చెరో పక్కా పట్టుకుని బాల్కనీలో రేకు కిందకి చేర్చారు. తర్వాత గోడకి చేరగిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకుని పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వితే మళ్ళీ దగ్గు, దగ్గితే మళ్ళీ నవ్వు.

పెట్టె పొద్దుపోయేదాకా ఊదింది. చివర్లో కాయ తీసి విరిస్తే విరగలేదు, వంగింది. పైన ముడతలు, లోపల తడి తడి.

"ఎండలేదక్కా," అన్నాడాయన. గొంతులో విచారం తెచ్చుకుందామని శతవిధాల ప్రయత్నించాడు గానీ రాలేదు. "ఏం చేస్తాం, యంత్రం కదా. ఎండ ఎండే."

మర్నాడు అరుగు మీద ఆ సంతోషంలోనే లాండ్రీ ఆవిడకి చెప్పాడు. "పెట్టెలో ఎండబెట్టాం గానీ ఎండలేదండీ."

ఆవిడ ఇస్త్రీ ఆపింది. "ఎండ లేకుండా ఎండబెట్టడం ఏమిటండీ, చోద్యం కాకపోతే?"

"అంటే... వేడిగాలి తిరుగుతుంది లోపల."

"అలా చెప్పండి! ఎండలో వేస్తే ఎండబెట్టడం. గాలికి వేస్తే ఆరబెట్టడం. మీరు చేసింది ఆరబెట్టడం."

"బట్టలు ఆరతాయండీ. మిరపకాయలు ఎండుతాయి. మా అమ్మ అలాగే అనేది."

"మీ అమ్మగారికి పెట్టె లేదుగా? వినండి, పాతికేళ్ళ బట్టి ఇదే పని నాది. గాలికి ఆరేదేదైనా సరే, మడత విప్పాలి. మడత మీదున్న తువ్వాలు వారమైనా ఆరుతుందా? పైన పొడి, లోపల కంపు. మీ కాయ మడత మీదుంది అద్దాలండీ. విప్పండి!"

ఆవిడ చేతుల్తో గాల్లో ఒక కనిపించని కాయని పట్టుకుని, చర్రున చీల్చి, దులిపి, తాడు మీద ఆరేసి చూపించింది. ఆయన కళ్ళార్పకుండా చూశాడు. ఎవరైనా సలహా ఇస్తే మనం తల ఊపి మర్చిపోతాం. ఆయన దాన్ని పట్టుకెళ్ళి గుండెలో పెట్టుకున్నాడు. కాయలు ఆరిపోతే తనకే ముప్పన్న సంగతి కూడా ఆ క్షణాన గుర్తు రాలేదు.

ఆ మర్నాడు పొద్దున్నే పీట వేసుకుని బుంగమూతుల్ని ఒక్కొక్కటిగా నిలువునా చీల్చాడు. గింజలు దులిపాడు. రెండు చెక్కలూ వెల్లకిలా తట్టలో పరిచాడు. అక్క గ్లౌజులు తెచ్చి ముందు పడేసింది.

"తొడుక్కో."

"వద్దక్కా. తొడుక్కుంటే నా వేళ్ళకి ఏమీ తెలీదు."

"తెలీకపోతేనే మంచిది కదరా!"

వినలేదు. పని అయ్యాక సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. గులాబీ సబ్బు. సరే అనుకుని దుకాణం తెరవడానికి దిగాడు. కారానికి వాసనతో పనేముంది? అది వేలి గీతల్లో సర్దుకుని కూర్చుంది, పండక్కి వచ్చిన చుట్టంలా, కదలకుండా.

ఇంకా షట్టరు పూర్తిగా ఎత్తనేలేదు, లాండ్రీ ఆవిడ వచ్చేసింది. "నా అద్దాలు వచ్చాయటగా? కాలర్ల మీద, నడుం పట్టీల మీద గుర్తులు కనబడక ఒకాయన ప్యాంటు ఇంకొకాయనకి ఇచ్చేశాను. ఇద్దరూ తొడుక్కుని తిరుగుతున్నారు, ఒకరికి పొట్టి, ఒకరికి పొడుగు."

ఆవిడకి దగ్గర చూపు కోసం చేయించిన అద్దాలు వచ్చి అప్పటికే సొరుగులో ఉన్నాయి. ఏ ముహూర్తాన బిగిస్తానా అని ఆయన రోజూ వాటిని తుడుస్తున్నాడు కూడా. ఎందుకంటే ఆయన వృత్తిలో మనిషికి అంత దగ్గరగా వెళ్ళేది ఒక్క ఆ పని కోసమే. ఫ్రేము పెట్టాక చెవుల వెనక కాడ ఎక్కడ వంగాలో వేళ్ళతో తడిమి చూడాలి. ముక్కు మీద రబ్బరు ముక్కలు రెండూ సమంగా ఆనాయో లేదో నొక్కి చూడాలి. వేల మందికి చేశాడు. ఆ రోజు మాత్రం ఫ్రేముని రెండుసార్లు తిరగేసి పట్టుకున్నాడు.

కాడల్ని వేడిగాలికి చూపించి, వంచి, ఆవిడకి పెట్టాడు. చెవుల వెనక తడిమాడు. ఒకసారి సరిపోయేది. ఖచ్చితంగా ఉండాలని రెండోసారి తడిమాడు. ముక్కు దగ్గర నొక్కాడు.

"అబ్బ, ఎంత బాగా కనబడుతోందండీ!" అందావిడ బల్ల మీది కాగితం చూసి. "చీమ తలకాయంత అక్షరాలు కూడా... చెవుల దగ్గర వెచ్చగా ఉందేంటి?"

"కాడలు వేడి చేశానుగా. చల్లారిపోతాయి."

ఆవిడ కాసేపు చూసింది. "చల్లారట్లేదండీ. రాజుకుంటోంది."

"అయ్యో, ఎక్కడ?" అని ఆయన గాబరాగా మళ్ళీ చెవులు పట్టుకున్నాడు. ఎక్కడ రాజుకుంటోందో వెతకాలిగా! వెతికిన చోటల్లా కొత్తగా రాజుకుంది.

"అమ్మో! మంట! ఏం పూశారండీ? ముక్కు కూడా! అయ్యో, ముక్కు!"

అద్దాలు తీసి బల్ల మీద పెట్టి, రెండు చెవులూ పట్టుకుని, ఆవిడ నవ్వుతోందో ఏడుస్తోందో తనకే తెలియని కేకతో లాండ్రీలోకి పరుగెత్తింది. అక్కడ నీళ్ళ బకెట్టు ఉంది. చెవులకి నీళ్ళు కొట్టుకుంది. నీళ్ళతో మంట మెడ దాకా దిగింది.

కళ్ళజోళ్ళాయనకి అప్పుడు వెలిగింది. తన చేతుల వంక చూసుకున్నాడు. అయిపోయింది. ఇన్నేళ్ళకి ఆవిడ మొహం మీద చెయ్యి వేసే యోగం పట్టింది, వేసి కాల్చేశాడు. ఇక కారం ఎందుకు, అడగడం ఎందుకు? గోడకి అవతల పాట కూడా ఉండదు. ఆ తలపుకి కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. మనిషన్నాక కన్నీళ్ళు వస్తే ఏం చేస్తాడు? తుడుచుకుంటాడు. దేంతో? చేతుల్తో.

"అక్కా!" అన్న కేకకి వీధిలో సైకిలాయన ఒకడు దిగిపోయాడు.

అక్క మెట్లు దిగేసరికి తమ్ముడు గుడ్డిగా గోడ తడుముకుంటూ లాండ్రీలోకి అడుగుపెడుతున్నాడు. లోపల ఆవిడ చెవులు దానిమ్మ గింజల్లా ఉన్నాయి. ఒక్క చూపులో అక్కకి కథంతా అర్థమైపోయింది.

"నీళ్ళు పొయ్యకు పిల్లా! నూనె! నూనె!"

వెళ్ళిన కాళ్ళతోనే నూనె సీసాతో తిరిగొచ్చింది. ఆవిడ చెవులకి పట్టించింది. ముక్కుకి రాసింది. తమ్ముడి రెప్పల చుట్టూ దూదితో అద్దింది. వాణ్ణి ఇస్త్రీ బల్ల పక్కన స్టూలు మీద కూలేసింది. తర్వాత కౌంటరు అవతలికి వెళ్ళి, బట్టలు అందించే కంతలోంచి మొహం లోపలికి పెట్టి, ఊపిరి పీల్చుకుని, "ఒరే, అడిగావా?" అంది.

"ఇప్పుడా అక్కా?"

"ఇంకెప్పుడు? ఇద్దరూ ఎలాగూ ఏడుస్తున్నారు. కాదంటే మళ్ళీ కొత్తగా ఏడవక్కర్లేదు."

"అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటా..."

"ఆ చేతుల్తో వద్దు. ఇదిగో అమ్మాయ్, మా వాడు చాలా కాలంగా నిన్ను..."

"మీరు ఆగండి వదినా!"

ఆ మాట గట్టిగానే వచ్చింది. బల్ల మీద ఇస్త్రీ పెట్టె కూడా బుస్సుమనడం ఆపినట్టు అనిపించింది. స్టూలు మీద కళ్ళు మూసుకున్న మనిషికి అందులో 'ఆగండి' ఒక్కటే వినబడింది. ఆగమంది. అంటే వద్దంది. ఆయన భుజాలు జారిపోయాయి.

కంతలో అక్క నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడకి మాట దొరక్కపోవడం అదే మొదలు.

"ఏమన్నావ్?"

"ఆగండి అన్నాను."

"దాని తర్వాత?"

లాండ్రీ ఆవిడ నూనె చెవులు ఇంకా ఎర్రబడ్డాయి. ఈసారి కారం వల్ల కాదు. "వదినా అన్నాను. తప్పా?"

"తప్పా!" అని అక్క కౌంటరు మీద రెండు చేతులతో దరువు వేసింది. "ఒరే సన్నాసీ, విన్నావా? హౌస్ ఫుల్ రా! హౌస్ ఫుల్!" ఆ అరుపుకి కంతలో ఇరుక్కున్న తల మళ్ళీ బయటికి తీసుకోవడానికి కాసేపు పట్టింది. తీసుకుని, కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "కారం, కారం, నాక్కూడా తగిలింది" అంటూ పైన పెట్టె మాడిపోతోందని మెట్లెక్కింది. పెట్టె మాడేది కాదని ఆవిడకీ తెలుసు. మెట్ల మీద ఆవిడ తనలో తానే "వదినా" అని ఒకసారి, "వొదినా" అని ఒకసారి అని చూసుకోవడం కిందికి వినబడింది.

ఇక లాండ్రీలో మిగిలింది ఇద్దరే. హ్యాంగర్లకి వేలాడుతున్న ఊళ్ళోవాళ్ళ చొక్కాలు పెళ్ళిచూపులకి వచ్చిన చుట్టాల్లా వరసగా నిలబడి చూస్తున్నాయి.

"అద్దాలండీ."

"ఆఁ."

"ఆవిడ్ని ఎందుకు ఆపానో తెలుసా? మీరు అడుగుతారని. ఏ చొక్కాయన ఎవరికి భయపడ్డాడో కాలరు చూసి చెప్పేదాన్ని, మీ కాలర్లు నాకు తెలీవా? అడగండి మరి."

ఆయన ఏళ్ళ తరబడి దాచుకున్న మాటలన్నీ వెతికాడు. ఒక్కటీ చోటున లేదు. నోట్లోకి వచ్చింది రోజూ అలవాటైన ప్రశ్న ఒక్కటే.

"ఎక్కడైనా... ఒత్తుతోందాండీ?"

ఆవిడ ఫక్కున నవ్వింది. నవ్వుతూ ఇస్త్రీ బల్ల అంచు పట్టుకుంది. "ఒత్తట్లేదు. మండుతోంది."

"అది కాదండీ. అంటే... మీకు అభ్యంతరం లేకపోతే... మనం... ఇద్దరం..." ఊపిరి తీసుకున్నాడు. "పెళ్ళి చేసుకుందామాండీ?"

అనేశాడు. అర లైను. ఇల్లు కూలలేదు. బయట వాన పడుతూనే ఉంది.

చెప్పుల చప్పుడు అరుగు మీదికి వెళ్ళింది. వెళ్ళిపోయిందా? చప్పుడు తిరిగొచ్చింది.

"కళ్ళు తెరవండి."

"మంటండీ."

"సన్నగా అయినా తెరవండి. జవాబు మూసిన కళ్ళకి చెప్పను."

తెరిచాడు. సందులోంచి చూస్తే లోకమంతా నీళ్ళలో ఉంది. ఆ నీళ్ళలో ఆవిడ, ఆయన బల్ల మీంచి తెచ్చిన కొత్త అద్దాల్ని ఇస్త్రీ రుమాలుతో పట్టుకుని శుభ్రంగా తుడుస్తోంది. సాయానికి ఆయన చెయ్యి ముందుకు వచ్చింది.

"చేతులు వెనక్కి!"

వెనక్కి పెట్టుకున్నాడు, బడిలో పిల్లాడిలా. ఆవిడ తనే అద్దాలు పెట్టుకుని, తల అటూ ఇటూ తిప్పి చూసింది. "కనబడట్లేదు. మీరే చెప్పారుగా, ఇవి దగ్గర చూపువని. దగ్గరికి రండి."

స్టూలు జరిగింది.

"ఇంకొంచెం."

ఇంకొంచెం జరిగింది. ఇప్పుడు ఆవిడ ఊపిరిలో నూనె వాసన, ఇస్త్రీ వాసన ఆయనకి తెలుస్తున్నాయి. ఆవిడ ఆయన మొహాన్ని కాలరు మీద గుర్తు చదివినట్టు పైనుంచి కిందికి నింపాదిగా చదివింది. ఉబ్బిన రెప్పలు, టమాటా ముక్కు, గడ్డం దాకా కారిన నూనె.

"ఎలా ఉన్నానండీ?" అన్నాడాయన, ఇక ఆగలేక.

"ఘోరంగా ఉన్నారు," అందావిడ. "చేసుకుంటాను."